శునక శిక్షణము

మహాభారతమున ఆదిపర్వములో ఒక చిన్న కథ కలదు. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా, సరమ అను దేవలోకపు ఆడుకుక్క కుమారుడగు సారమేయుడు యజ్ఞశాల కడకు వచ్చెను. రాజు తమ్ములు వానిని చూచి కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లి కడకు పోయి మొఱపెట్టుకొనెను. సరమ రాజసన్నిధికి వచ్చి, తన బిడ్డ ఏ తప్పును చేయలేదనియు, నిరపరాధులకు కీడు చేయువారికి అనుకొనని భయములు వచ్చిపడుననియు చెప్పి వెడలిపోయెను. ఆ మాటకు రాజు కలత చెందెను.

ఆ కథ ధర్మమును బోధించునది. కుక్కల నడవడిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు వేఱొక మార్గమున బయలుదేరి ఇంచుమించు ఆ మాటకే వచ్చి చేరిరి. తానేల దెబ్బ తినెనో ఎఱుగని ప్రాణికి దెబ్బ నేర్పునది భయమొక్కటియే. ఆ భయము తిరిగి మనుష్యునికే ముప్పు తెచ్చును.

కుక్క ఎట్లు నేర్చుకొనునో మొదట తెలిసికొనవలెను. రష్యా దేశమున సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరములో ఇవాన్ పావ్‌లోవ్ అను శాస్త్రజ్ఞుడు కుక్కల జీర్ణక్రియను పరిశోధించుచుండెను. ఆ కృషికి ఆయన 1904 లో నోబెల్ బహుమానము పొందెను. ఆహారము నోట పడకమునుపే, దానిని తెచ్చు మనిషిని చూచినంతనే కుక్క నోట లాలాజలము ఊరుటను ఆయన గమనించెను. పిమ్మట తాళము వేయు యంత్రము నొకదానిని మ్రోగించి, వెంటనే ఆహారము పెట్టి చూచెను. పలుమాఱులు ఇట్లు జరిగిన పిదప ఆ చప్పుడు వినబడినంతనే లాలాజలము ఊరసాగెను. చప్పుడు చేసి ఆహారము పెట్టుట మానగా, క్రమముగా ఆ ఊరుటయు తగ్గెను. ఒకదాని వెంట ఒకటి వచ్చు విషయములను కుక్క జతపఱచుకొనునని దీనివలన తేలినది. గొలుసు చప్పుడు వినగానే షికారునకని కుక్క గంతులు వేయుటకును, సూదిపోటు తిన్న పశువైద్యశాల వాకిట కాళ్ళు బిగబట్టుటకును కారణమిదియే.

అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898 లో మఱియొక సూత్రమును వెల్లడించెను. ఆయన పిల్లులను, కుక్కలను పెట్టెలలో ఉంచి, వెలుపల ఆహారము పెట్టెను. త్రాడు లాగుటవంటి ఏదో ఒక పని చేసిననే పెట్టె తలుపు తెఱచుకొనును. మొదట అవి తోచిన పనులన్నియు చేసెను. వానిలో ఏదో ఒకటి ఫలించెను. మరల మరల ఉంచినకొలదియు వ్యర్థమగు పనులు తగ్గి, ఫలించిన పనియే నిలిచెను. తనకు మేలు కలిగించిన పనిని ప్రాణి మరల చేయుననుట దీని సారము. తరువాత బి. ఎఫ్. స్కిన్నర్ ఈ సూత్రమునే విపులముగా పరిశోధించెను.

ఈ రెండు సూత్రములు తెలిసినచో, కుక్క దుర్గుణములని తలచువానిలో పెక్కింటి మూలము బోధపడును. పోస్టుమాన్ వాకిట నిలువగానే కుక్క మొఱుగును. ఆయన ఉత్తరమిచ్చి తన దారిన పోవును. కుక్క మొఱిగెను, పరాయివాడు పోయెను. దాని లెక్కలో అది ప్రతిదినమును పొందు గెలుపే. కావున మొఱుగుట నానాటికి హెచ్చును. దీనికి మందు కేకలు వేయుట కాదు. యజమానుడు కూడ తనతో గొంతు కలిపెనని కుక్కకు తోచవచ్చును. ఆయన వచ్చు వేళకు ముందే కుక్కను లోపలికి పిలిచి, చాపపై కూర్చుండబెట్టి, కూర్చున్న క్షణముననే ఇష్టమైన తినుబండమునొకదానిని ఈయవలెను. చేయరానిదానిని చెప్పుటకంటె చేయవలసినదానిని నేర్పుట సులభము.

అతిథులపైకి ఎగబ్రాకు కుక్క విషయమును ఇట్టిదే. ఒకరు దాని తల నిమురుదురు; వేఱొకరు త్రోయుదురు. త్రోపు సైతము దానికి ఆటయే. అందఱును మాటలాడక ప్రక్కకు తిరిగి, దాని నాలుగు కాళ్ళును నేల నానినపుడే పలుకరింపవలెను. మొదటి దినములలో ఎగబ్రాకుట మఱింత హెచ్చవచ్చును. అంతమాత్రమున పట్టు విడువరాదు. ఇంటిలో ఒక్కరు తప్పినను పాఠము చెడును. అప్పుడప్పుడు ఫలించు పనిని కుక్క అంత త్వరగా మానదు.

ఉదయము చెప్పు కొఱికిన కుక్కను సాయంకాలము కొట్టు యజమానుడు, అది తలవంచి చెవులు ముడుచుటను చూచి, తప్పు ఒప్పుకొనెనని భావించును. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు 2009 లో ప్రకటించిన పరిశోధనలో, తప్పు చేయని కుక్కలును యజమానులు గద్దించినపుడు అట్లే తలవంచినవి. ఆ ముఖమున కనబడునది నేరము కాదు, గద్దింపునకు జంకు. సారమేయుని కథ ఇంటింటను ఈ విధముగా జరుగుచున్నది.

గుఱ్ఱుమనుటను దండించుట మఱింత ప్రమాదకరము. అది కుక్క చేయు హెచ్చరిక. దానిని దెబ్బలతో మాన్పించినచో భయము పోదు, హెచ్చరిక మాత్రము పోవును. అట్టి కుక్క ఒకనాడు చప్పుడు చేయకయే కఱచును. సరమ చెప్పిన అనుకొనని భయము ఇట్టిదే కదా!

భయమును పోగొట్టుటకు ఓర్పు కావలెను. దీపావళి టపాకాయలకు వణకు కుక్కకు, పండుగకు చాల ముందుగనే, అది లక్ష్యపెట్టనంత సన్నని చప్పుడు వినిపించి, వెంటనే రుచిగల ఆహారము పెట్టవలెను. దినదినమును చప్పుడును కొద్దికొద్దిగా పెంచవలెను. కుక్క వణకినచో మునుపటి మెట్టునకు దిగవలెను. పండుగనాటి రాత్రి దానిని మూసిన గదిలో, తెలిసినవారి చెంత ఉంచుట మేలు.

అన్నిటికంటె శైశవమే తగిన కాలము. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు బహుసంవత్సరములు కుక్కపిల్లలను పరిశీలించి 1965 లో ఒక గ్రంథము ప్రకటించిరి. పుట్టిన మూడవ వారము మొదలు సుమారు పండ్రెండవ వారమువఱకు మనుష్యులతో మెలగిన పిల్లలు వారితో చక్కగా కలియుననియు, ఆ కాలము మనుష్యులు లేక గడిచిన పిల్లలు పిరికివగుననియు వారు తెలిపిరి. సాధువైన కుక్క నడవడి హఠాత్తుగా మాఱినచో, నొప్పియో జబ్బో ఉండవచ్చును గనుక, ముందు పశువైద్యునికి చూపవలెను.

బాలబాలికలు ఎఱుగవలసినది మఱొకటి కలదు. తోక ఊపు ప్రతి కుక్కయు స్నేహము కోరునది కాదు. శరీరము బిగించుట, ముఖము త్రిప్పుకొనుట, పెదవులు నాకుకొనుట, తోక ముడుచుట దూరముగా ఉండుమను మాటలు. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలతో నున్న తల్లిని కదలింపరాదు. కుక్క మీదికి వచ్చినపుడు పరుగెత్తక నిశ్చలముగా నిలువవలెను. కఱచినచో గాయమును సబ్బుతో, పాఱు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆలస్యము చేయక వైద్యశాలకు పోయి రేబిస్ టీకా వేయించుకొనవలెను. ఆ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప బ్రదుకుట మిక్కిలి అరుదు.

కుక్కకు మాటలు రావు. తన బిడ్డ చేసిన తప్పేమని అడుగుటకు ప్రతి కుక్కకును సరమవంటి తల్లి లేదు. కావున కఱ్ఱ ఎత్తబోవువాడే ఆ ప్రశ్నను తనకు తాను వేసికొనవలెను. ఈ కుక్క దేనికి భయపడుచున్నది? ఈ పనివలన దానికి కలుగు మేలేమి? దీనికి బదులు ఏమి చేయవలెనో దానికెవరైన నేర్పిరా? వీనికి సమాధానము దొరకులోపల కఱ్ఱతో పని తీఱిపోవును.