ముక్కు వెనుక క్యాన్సరు – సూక్ష్మదర్శినిలో దాని మారువేషములు

ముక్కు రంధ్రములు రెండును వెనుకకు పోయి, కొండనాలుకకు పైన ఒక చిన్న గదిలో కలియును. దీనిని నాసాగ్రసని అందురు. నోరు తెరచి చూచినచో ఇది కనబడదు. మధ్యచెవినుండి వచ్చు యూస్టేషియన్ నాళము ఈ గదిలోనే తెరచుకొనును. ఆ నాళపు ముఖమునకు వెనుకనున్న పల్లములో ఇక్కడి క్యాన్సరు తరచుగా మొలకెత్తును. చోటు మరుగైనది కనుక వ్యాధి చాలకాలము బయటపడదు. ఒకవైపు చెవి దిబ్బడ, ముక్కునుండి గాని కఫములో గాని నెత్తురు కనబడుట, మెడపై నొప్పి లేని గడ్డ – ఇవి దాని గుర్తులు. అనేకులలో మొదట కనబడునది మెడ గడ్డయే.

ఈ క్యాన్సరు దక్షిణ చైనాలోను, మన దేశమున నాగాలాండ్, మణిపూర్‌లలోను హెచ్చు. తెలుగు నేలపై అరుదు. క్షయ మాత్రము మనకు సామాన్యము. కనుక ఇబ్రహీంపట్నము దగ్గరి బొంగులూరు వంటి ఊరిలో ఎవరికైన మెడపై గడ్డ లేచినచో, అది గండమాల, అనగా లింఫు గ్రంథుల క్షయ, అని తలచుట సహజము. అయితే తలపుతో ఆగరాదు. గడ్డనుండి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూడవలెను.

అక్కడను చిక్కులున్నవి. 1921లో ఫ్రాన్సులో రెగో, రెవెర్షాన్ అనువారును, జర్మనీలో ష్మింకె అను రోగనిదాన శాస్త్రజ్ఞుడును వేరువేరుగా ఈ కంతిని వర్ణించిరి. క్యాన్సరు కణములు గుంపులుగా కూడియుండుట రెగో పేర పిలువబడు రూపము. ఒక్కొక్కటిగా విడిపోయి లింఫోసైట్ల నడుమ చెదరియుండుట ష్మింకె పేర పిలువబడు రూపము. లింఫోసైట్లు క్యాన్సరు కణములు కావు. అచ్చటికి వచ్చి చేరినవి మాత్రమే. కాని రెండవ రూపమును చూచినవారు, ఇది లింఫు కణములకే పుట్టిన క్యాన్సరు, లింఫోమా, అని పొరబడుటకు వీలున్నది.

ఇంకను వింతరూపములు కలవు. కొన్నిట కణములు కదురువలె సాగి, కండర, బంధక కణజాలపు కంతులను తలపించును. కొన్నిట కణద్రవ్యము తెల్లగా, ఖాళీగా తోచును. కొన్నిట ఎమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనును. అన్నిటికన్న మోసకరమైనది వేరొకటి: క్షయలో కనబడు గ్రాన్యులోమా అను కణపు ముద్దలు దీనిలోను ఏర్పడవచ్చును. అవి ఎక్కువైనచో, వాని చాటున కొలదిగా నున్న క్యాన్సరు కణములు చూపునకు తప్పిపోవును.

ఈ ముసుగు తొలగించుటకు రెండు సాధనములు కలవు. మొదటిది కెరటిన్ పరీక్ష. నాసాగ్రసని లోపలి పొరనుండి పుట్టిన కణములలో కెరటిన్ జాతి మాంసకృత్తు ఉండును. లింఫోమా కణములలో సాధారణముగా ఉండదు. ప్రతిరక్షకముతో రంగు వేసినచో, చెదరిన కణములును స్పష్టముగా బయటపడును. రెండవది ఎప్‌స్టీన్-బార్ వైరస్ జాడ. 1964లో కనుగొనబడిన ఈ వైరస్, కెరటిన్ పొలుసులు ఏర్పరచని రకపు కంతులలో తరచుగా క్యాన్సరు కణముల కేంద్రకములందే దొరకును. అయితే పెద్దలలో అత్యధికులు ఈ వైరస్‌ను నిరపాయముగా మోయుచునే యున్నారు. కనుక వైరస్ ఒక్కటే ఈ వ్యాధికి కారణమనరాదు.

పేరు సరిగా తెలియుట ఏల? క్షయకు నెలల తరబడి మాత్రలు. లింఫోమాకు ముఖ్యముగా ఔషధములు. ఈ క్యాన్సరుకు ప్రధానముగా కిరణచికిత్స, ముదిరినచో దానితోపాటు ఔషధములు. ఈ కంతి కిరణములకు బాగుగా లొంగును. ముందుగా గుర్తించినచో నయమగుటకు అవకాశము మెండు. కిరణచికిత్సకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వసంస్థయే. క్షయ మందులు వాడినను తగ్గని మెడ గడ్డ ఉన్నచో, ముక్కు వెనుకభాగమును దీపపు గొట్టముతో చూపించుకొనుట మరువరాదు.