కాలిన ఒంటికి కొత్త చర్మం

ఆడవాళ్లకు నిప్పుతో రోజూ పనే. తెల్లవారితే పొయ్యి వెలిగించాలి. నీళ్లు కాచాలి. గంజి వార్చాలి. తాళింపు వెయ్యాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి చెయ్యి జారుతుంది. వేడి గంజి కాలి మీద పడుతుంది. పాకే పిల్లవాడు చారు గిన్నె లాగుతాడు. చీర కొంగుకు నిప్పు అంటుకుంటుంది.

అప్పుడు ఏం చెయ్యాలి? ఆసుపత్రిలో డాక్టర్లు ఏం చేస్తారు? పోయిన చర్మం మళ్లీ ఎలా వస్తుంది? తెలుసుకుందాం.

చర్మం మన ఒంటికి గోడ

ఇంటికి గోడ ఎలాగో ఒంటికి చర్మం అలాగ. ఈ గోడ రెండు పెద్ద పనులు చేస్తుంది. ఒంట్లో ఉన్న నీటిని బయటికి పోనివ్వదు. బయట ఉన్న క్రిముల్ని లోపలికి రానివ్వదు.

చర్మంలో రెండు పొరలు ఉంటాయి. పై పొర పలచగా ఉంటుంది. కింది పొర మందంగా ఉంటుంది. కింది పొరలో రక్తనాళాలు, నరాలు, వెంట్రుకల కుదుళ్లు ఉంటాయి. దాని కింద కొవ్వు ఉంటుంది.

పై పొర మాత్రమే కాలితే చర్మం ఎర్రగా కములుతుంది. మంట పుడుతుంది. వారం రోజుల్లో తగ్గిపోతుంది.

కింది పొర కొంత కాలితే బొబ్బలు లేస్తాయి. నొప్పి ఎక్కువగా ఉంటుంది. కానీ వెంట్రుకల కుదుళ్లు బతికే ఉంటాయి. కోసిన జొన్న మోడు నుంచి పిలకలు వచ్చినట్టు ఆ కుదుళ్ల నుంచి కొత్త చర్మం వస్తుంది. రెండు మూడు వారాల్లో గాయం మానుతుంది.

రెండు పొరలూ పూర్తిగా కాలితే చర్మం తెల్లగానో, నల్లగానో, తోలులాగానో అవుతుంది. అక్కడ నొప్పి తెలియదు. నరాలు కూడా కాలిపోయాయి కాబట్టి తెలియదు. "నొప్పి లేదు కదా, చిన్నదే" అని ఊరుకోకూడదు. అసలు పెద్ద గాయం అదే. కుదుళ్లు కూడా కాలిపోయాయి. ఇక కొత్త చర్మం గాయం అంచుల నుంచే పాకుతూ రావాలి. గాయం పెద్దదైతే అది దానంతట అది మూసుకోదు.

మొదటి మందు నీళ్లే

పొయ్యి మీద నుంచి గిన్నె దించినా గిన్నెలో కూర కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. ఒళ్లు కూడా అంతే. మంట ఆరినా వేడి లోపలికి దిగుతూనే ఉంటుంది. పై పొరతో ఆగాల్సిన గాయం కింది పొర దాకా పోతుంది. ఆ వేడిని ఆపేది నీళ్లే.

కాలిన చోట మామూలు చన్నీళ్లు పొయ్యాలి. కుళాయి ఉంటే దాని కింద పెట్టాలి. లేకపోతే చెంబుతో పొయ్యాలి. ఒకటి రెండు చెంబులు పోసి ఊరుకుంటే చాలదు. 20 నిమిషాలు పొయ్యాలి. అంటే పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు. వెంటనే పోస్తే చాలా మంచిది. ఆలస్యమైనా 3 గంటల లోపు పోస్తే మేలు ఉంటుంది.

ఐసు ముక్కలు పెట్టకూడదు. ఐసు వల్ల చర్మానికి ఇంకో దెబ్బ తగులుతుంది. చంటిపిల్లలకు కాలిన చోట మాత్రమే నీళ్లు పొయ్యాలి. మిగతా ఒంటికి పొడి గుడ్డ కప్పాలి. లేకపోతే చలి పట్టేస్తుంది.

కాలిన చోట వాపు వస్తుంది. అందుకే గాజులు, ఉంగరాలు, మెట్టెలు ముందే తీసెయ్యాలి. ఒంటికి అతుక్కున్న బట్టను మాత్రం లాగకూడదు. బొబ్బలు చిదమకూడదు. ఉతికిన పలచని గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పోవాలి.

బట్టలకు నిప్పు అంటుకుంటే పరిగెత్తకూడదు. పరిగెత్తితే గాలికి మంట పెరుగుతుంది. వెంటనే కింద పడుకుని దొర్లాలి. పక్కన ఉన్నవాళ్లు మందపాటి నూలు దుప్పటి కప్పి మంట ఆర్పాలి. తర్వాత నీళ్లు పొయ్యాలి.

ఆసిడ్ పడినా నీళ్లే పొయ్యాలి. ధారగా, చాలాసేపు పొయ్యాలి. ఆసిడ్ దాడికి గురైనవారికి ఏ ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా వైద్యం చెయ్యాలి. ప్రైవేటు ఆసుపత్రి కూడా చెయ్యాలి. 2013లో ఈ మాట చట్టంలో చేర్చారు. 2024లో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఇది ఉంది.

పేడ పూస్తే ఏమవుతుంది?

ఊళ్లో నర్సమ్మ ఈ మాటలు చెబుతుంటే ఒక పెద్దామె అడిగింది.

"ఏమ్మా నర్సమ్మా! మా కాలంలో కాలితే పేడ పూసేవాళ్లం. దోసెపిండి పూసేవాళ్లం. ఇప్పుడు మా కోడలు పళ్లపేస్టు పూస్తోంది. అన్నీ చల్లగానే ఉంటాయి కదా?"

"చల్లగా అనిపిస్తుంది పెద్దమ్మా. కానీ కాసేపటికి ఎండి పెచ్చు కడుతుంది. లోపలి వేడి బయటికి రాదు. గాయం ఎంత లోతో డాక్టరుకు కనపడదు. అదంతా కడిగి తీస్తుంటే మనిషికి ప్రాణం పోయినంత నొప్పి."

"మరి పేడ?"

"పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. గోడ కూలిన ఇంట్లోకి మనమే దొంగను పిలిచినట్టు."

పెద్దామె నవ్వింది. "అయితే నీళ్లేనంటావు!" అంది.

"నీళ్లే పెద్దమ్మా. నూనె, నెయ్యి, సిరా, పసుపు ఏవీ వద్దు. మీరు చెబితే మీ కోడలు వింటుంది."

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

మన అరచెయ్యే కొలత. ఎవరి అరచెయ్యి వేళ్లతో కలిపి వాళ్ల ఒంట్లో సుమారు నూటికి ఒక వంతు. గాయం అరచెయ్యి కంటే పెద్దదైతే ఆసుపత్రికి పోవాలి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలితే గాయం చిన్నదైనా పోవాలి. కరెంటు షాకు వల్ల కాలినా, చర్మం తెల్లబడినా, నల్లబడినా పోవాలి. పసిపిల్లలను, ముసలివాళ్లను ఎలాగైనా తీసుకుపోవాలి. ధనుర్వాతం సూది గురించి అడగాలి.

"ఇంటాయన వచ్చాక పోదాంలే" అని చాలామంది ఆగుతారు. "డబ్బు చేతికి వచ్చాక చూద్దాం" అనుకుంటారు. కాలిన గాయం ఆగదు. ఎందుకో చూడండి.

గోడ కూలింది కాబట్టి ఒంట్లో నీరు ఊరిపోతూ ఉంటుంది. 50 కిలోల బరువున్న ఒక ఆమెకు ఒంట్లో నూటికి 30 వంతులు కాలిందనుకుందాం. డాక్టర్లు వేసుకునే లెక్క ప్రకారం మొదటి రోజు ఆమెకు సుమారు 6 లీటర్ల సెలైను కావాలి. అంటే ఒక చిన్న బిందెడు. అందులో సగం మొదటి 8 గంటల్లోనే ఎక్కించాలి. ఆ 8 గంటలు ఆసుపత్రికి చేరినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి లెక్క. నీరు అందకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే ఎవరి కోసమూ ఆగకూడదు. 108కి ఫోను చెయ్యాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకాలు ఉన్నాయి. కార్డులు వెంట తీసుకుపోవాలి. మన గాయానికి పథకం ఎంతవరకు వర్తిస్తుందో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడగాలి.

కట్టు ఎందుకు కడతారు?

"గాయాన్ని గాలికి ఆరబెట్టాలి" అని మన పెద్దలు అనేవాళ్లు. అది నిజం కాదు. గాయం ఎండిపోతే పెచ్చు కడుతుంది. కొత్త చర్మం పాకడానికి దారి ఉండదు. కొంచెం తడి ఉంటేనే చర్మం తొందరగా పాకుతుంది. ఆ తడిని నిలపడానికీ, క్రిములు చేరకుండా ఉండడానికీ కట్టు కడతారు.

చాలా ఆసుపత్రుల్లో వెండి కలిసిన తెల్లని మందు పూస్తారు. వెండి క్రిముల్ని చంపుతుంది. పశువుల చర్మం నుంచి తీసిన ఒక పదార్థంతో చేసిన పలచని పొరను కూడా గాయం మీద వేస్తారు. దాని పేరు కొలాజెన్. అది గాయానికి అతుక్కుని కొన్నాళ్లు చర్మంలా కాపాడుతుంది. రోజూ కట్టు విప్పే బాధ తప్పుతుంది.

మామూలు గాజుగుడ్డ గాయానికి అంటుకుపోతుంది. విప్పేటప్పుడు కొత్తగా వచ్చిన చర్మం కూడా ఊడి వస్తుంది. ఈ బాధ తప్పించాలని 1980లలో ముంబైలో డాక్టర్ కేశ్వానీ ఒక దారి వెతికారు. ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజుగుడ్డ మీద అతికించి, క్రిములు లేకుండా చేసి కట్టు కట్టారు. తొక్క గాయానికి అంటుకోలేదు. తడి ఆరలేదు. ఖర్చూ తక్కువే. తర్వాత అరటి ఆకుతో కూడా ఇలాంటి కట్లు చేశారు. అయితే ఇది ఇంట్లో చేసే పని కాదు. క్రిములు పోయేలా ఆవిరి యంత్రంలో శుద్ధి చెయ్యాలి. ఆసుపత్రిలోనే సాధ్యం.

నారు నాటినట్టు చర్మం నాటుతారు

చర్మం పూర్తిగా కాలిన చోట కట్టు ఒక్కటే చాలదు. అక్కడ వేరే చోటి చర్మం తెచ్చి వెయ్యాలి. దీన్నే చర్మం అతకడం అంటారు.

వరి నాట్లు వెయ్యడం మనకు తెలిసిన పనే. ముందు మడి దమ్ము చేస్తాం. నారుమడి నుంచి నారు తీస్తాం. దమ్ము చేసిన మడిలో నాటుతాం. నాలుగైదు రోజులు కదపకుండా ఉంటే నారు వేరు పట్టి నిలబడుతుంది.

డాక్టర్లూ అలాగే చేస్తారు. మత్తు ఇచ్చి, ముందు కాలిపోయిన చర్మాన్ని తీసేస్తారు. ఇదే మడిని దమ్ము చెయ్యడం. తర్వాత రోగి తొడ నుంచి పలచని చర్మం తీస్తారు. ఇదే నారు. పై పొర, కింది పొరలో కొంచెం మాత్రమే తీస్తారు. కుదుళ్లు మిగిలే ఉంటాయి కాబట్టి తొడ మీద గాయం సుమారు రెండు వారాల్లో మానుతుంది. మచ్చ ఉంటుంది.

తీసిన చర్మం చాలకపోతే యంత్రంలో పెట్టి చిన్న చిన్న గాట్లు పెడతారు. అప్పుడది చేపల వలలా సాగుతుంది. కొంచెం చర్మంతో ఎక్కువ చోటు కప్పవచ్చు. వల కన్నాలు తర్వాత వాటంతట అవే పూడుకుంటాయి.

అతికిన చర్మానికి కింద నుంచి కొత్త రక్తనాళాలు పట్టాలి. దానికి సుమారు 5 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఆ చోటు కదిలితే కదిలిన నారులా చర్మం ఊడిపోతుంది. అందుకే గట్టి కట్టు కట్టి కదలనివ్వరు.

సొంత చర్మం చాలకపోతే?

ఒళ్లు చాలా భాగం కాలిందనుకుందాం. తీయడానికి మంచి చర్మం ఎక్కడుంది? అప్పుడు చనిపోయినవారి చర్మం ఆదుకుంటుంది. ఒకరి చర్మం ఇంకొకరి ఒంటికి శాశ్వతంగా పట్టదు. రెండు మూడు వారాల తర్వాత ఒళ్లు దాన్ని వదిలించుకుంటుంది. కానీ ఆ రెండు మూడు వారాలే ప్రాణం నిలబెడతాయి. గోడ కూలిన ఇంటికి తడిక కట్టినట్టు. నీరు కారిపోదు, క్రిములు చేరవు, నొప్పి తగ్గుతుంది. ఈలోగా రోగి కోలుకుంటే సొంత చర్మం కొంచెం కొంచెంగా అతుకుతారు.

ఇలా ఇచ్చిన చర్మాన్ని దాచే చోటును చర్మ బ్యాంకు అంటారు. 2000లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో చర్మ బ్యాంకు పెట్టారు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో పెట్టారు.

కళ్లు దానం చేసినట్టే చనిపోయాక చర్మం దానం చెయ్యవచ్చు. 18 ఏళ్లు దాటినవాళ్లెవరైనా ఇవ్వవచ్చు. ప్రాణం పోయిన 6 గంటల లోపు తీయాలి. తొడలు, కాళ్లు, వీపు నుంచి పలచని పొర మాత్రమే తీస్తారు. రక్తం కారదు. శవం రూపు చెడదు. కట్టు కట్టి అప్పగిస్తారు. దహనమైనా, ఖననమైనా మామూలుగానే చేసుకోవచ్చు. రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు. ఎయిడ్స్, పచ్చకామెర్ల క్రిములు, చర్మరోగాలు ఉన్నవారి చర్మం తీసుకోరు. తీసిన చర్మాన్ని గ్లిజరిన్‌లో వేసి చల్లని చోట 5 ఏళ్ల దాకా దాచవచ్చు.

గాయం మానాక కూడా పని ఉంది

కాలినవాళ్లకు "పప్పు పెట్టొద్దు, గుడ్డు పెట్టొద్దు, చీము పడుతుంది" అంటుంటారు. అది తప్పు. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త గోడ కట్టాలంటే ఇటుకలు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగలు, చేపలు, మాంసం ఇవే ఆ ఇటుకలు. కాలిన మనిషికి మామూలు కంటే ఎక్కువ తిండి కావాలి.

మానేటప్పుడు చర్మం బిగుసుకుంటుంది. మెడ ఛాతీకి అతుక్కుపోవచ్చు. మోచెయ్యి వంగి ఉండిపోవచ్చు. వేళ్లు ముడుచుకుపోవచ్చు. అప్పుడు ఆమె జడ వేసుకోలేదు, నాట్లు వెయ్యలేదు, బిడ్డను ఎత్తుకోలేదు. దీన్ని ఆపవచ్చు. నొప్పి అయినా డాక్టరు చెప్పిన కసరత్తులు రోజూ చెయ్యాలి. మెడ కాలినవాళ్లు తలగడ పెట్టుకోకూడదు. బిగుతు బట్ట వేసుకోమంటే నెలల తరబడి వేసుకోవాలి. బిగుసుకుపోయినా ఆపరేషనుతో సరిచేస్తారు. ఆశ వదులుకోకూడదు.

గుర్తు పెట్టుకుందాం

1. కాలితే 20 నిమిషాలు చన్నీళ్లు పొయ్యాలి.
2. ఏమీ పూయకూడదు. బొబ్బలు చిదమకూడదు.
3. గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. శుభ్రమైన గుడ్డ కప్పాలి.
4. అరచెయ్యి కంటే పెద్ద గాయమైతే ఆసుపత్రికి పోవాలి. ఎవరి కోసమూ ఆగకూడదు.
5. నొప్పి లేని గాయమే పెద్ద గాయం కావచ్చు.
6. పప్పు, గుడ్డు పెట్టాలి. కసరత్తు చేయించాలి.

మాట్లాడుకుందాం

మీ ఇంట్లో ఎవరికైనా కాలితే ముందు ఏం పూసేవారు? ఇప్పుడు ఏం చేస్తారు? మీ ఊరికి దగ్గరలో కాలిన గాయాలకు వైద్యం చేసే ఆసుపత్రి ఎక్కడుంది? ఈ పాఠాన్ని ఇంట్లో పిల్లలకు, అత్తగారికి, పక్కింటివారికి చదివి వినిపించండి.