పిల్లి కూనలు – విద్యుత్ తీగలు

గ్రామములందు పిల్లిని పెంచుట ఎలుకల బాధ కొరకే. ధాన్యపు గాదెలకును, కార్యాలయములోని దస్త్రములకును అంతకు మించిన కాపరి లేదు. అయితే నేడు ఇంటింటను పంఖా, టెలివిజను, సెల్ ఫోను చార్జరు ఉన్నవి. వ్రేలాడు వాటి తీగలను పిల్లి కూనలు కొరుకుచున్నవి. ఇది స్వల్ప విషయమని పంచాయతీ సభ్యులు తలపరాదని మా మనవి.

కూనకు సుమారు 3 నెలల వయస్సు మొదలు పాలపండ్లు ఊడి, 6, 7 నెలలకు గట్టిపండ్లు వచ్చును. ఆ కాలమున చిగుళ్ల బాధచే అది మెత్తని దానినెల్ల కొరుకును. కదలు తీగ దానికి ఎలుక తోకవలె తోచును కాబోలు! ఇండ్లకు సరఫరా యగు విద్యుత్తు 230 వోల్టులది. పైతొడుగు తెగినచో పిల్లి ప్రాణము పోవచ్చును. కథ అంతటితో ముగియదు. తెగిన తీగ మంచము క్రిందనే యుండును. మరునాడు ప్రాకు బిడ్డ చేయి దానికి తగులవచ్చును. పూరింటికి నిప్పురవ్వ ఒకటి చాలును.

ఒక పంచాయతీ కార్యాలయమున పంటిగాట్లు పడిన తీగకు కాగితము లంటించు టేపు చుట్టియుండుట మేము చూచితిమి. అట్టి తీగను మార్చవలెనే గాని అతుకరాదు. తీగలను గోడ వెంబడి బిగించి, క్రింది భాగమునకు నిలువునా చీల్చిన పి.వి.సి. గొట్టమును తొడిగినచో కూనకు పని యుండదు. చార్జరును పని ముగియగనే ఊడదీయవలెను. కొందరు తీగలకు కిరసనాయిలు పూయుదురు, కలరా ఉండలు వేయుదురు. రెండును పిల్లికి విషములే. మొదటిది అగ్నికి ఆహ్వానము కూడ. కొట్టుటయు వ్యర్థము, మనము లేని సమయమున అది మరల కొరుకును. గట్టిగా కుట్టిన గుడ్డబంతి నిచ్చి ఆడించుట మేలు.

30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినను సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి. అను పరికరము కలదు. ఫ్యూజు తీగలను కాపాడును గాని ప్రాణమును కాపాడజాలదు. పాఠశాలయందును, అంగన్వాడీయందును ఈ పరికరము కలదో లేదో సభ్యులు స్వయముగా చూడవలెను. అయినను లోపలి రెండు తీగలను ఒకేసారి కొరికినచో ఇదియు పనిచేయకపోవచ్చును. కావున గొట్టము తొడుగుట మానరాదు.

పిల్లి తీగను కరచి బిగిసిపోయినచో దానిని ముట్టరాదు; ముందు మెయిన్ స్విచ్చిని ఆపవలెను. అది లేచి తిరిగినను, ఊపిరితిత్తులలో నీరు చేరి కొన్ని గంటల పిమ్మట ఆయాసము కలుగవచ్చును. అందుచే నాడే పశువైద్యునకు చూపవలెను.