మీనసంతతికి మేలుకొలుపు

తొలకరి వానలతో నదులు పొంగి పల్లపు నేలలను ముంచెత్తే వేళ శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చేపలు ఆ వరదనీటిలో గుడ్లు విడుస్తాయి. అవే చేపలను చెరువులో పెంచితే చక్కగా ఎదుగుతాయి. ఆడచేప కడుపులో గుడ్లు కూడా నిండుతాయి. కాని, నిలిచిన నీటిలో అవి సాధారణంగా గుడ్లు పెట్టవు. ఋతువు గడిచిపోగా ఆ గుడ్లు క్షీణించి దేహంలోనే లీనమైపోతాయి. అన్నీ సిద్ధమై ఉండి కూడా ఒక్క ఆజ్ఞ అందకపోవడమే దీనికి కారణం.

ఈ చిన్న లోపం పూర్వం చేపల రైతుకు పెద్ద కష్టమై నిలిచింది. వరదల కాలంలో నదులలో వలలు పన్ని సేకరించిన పిల్లలే అతనికి ఆధారం. వాటిలో పలు జాతుల పిల్లలు కలిసి ఉండేవి. చూపుతో వాటిని వేరుచేయడం దుస్సాధ్యం. తోటి చేపలను తినే జాతి చెరువులో చేరితే ఏడాది శ్రమ నీటిపాలయ్యేది.

ఇంతకూ ఆ ఆజ్ఞ ఎక్కడ పుడుతుంది? మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం ఉంది. పగటి నిడివి, నీటి వెచ్చదనం, వరద రాక వంటి సంకేతాలకు స్పందించి అక్కడి నాడీకణాలు ఒక హార్మోనును స్రవిస్తాయి. దాని పేరు గొనాడోట్రోపిన్ విడుదల హార్మోను. అది పది అమైనో ఆమ్లాలు వరుసగా కూడిన గొలుసు. ఇటువంటి పొట్టి గొలుసులనే పెప్టైడ్‌లంటారు. క్షీరదాలలో అది సన్నని రక్తనాళాల గుండా పీయూషగ్రంథిని చేరుతుంది. చేపలలో నాడీతంతువులే దానిని గ్రంథిలోనికి కొనిపోతాయి. తాళంలో తాళపుచెవి వలె అది అక్కడి కణాల గ్రాహకాలలో ఇమడగానే, నిలువ ఉన్న గొనాడోట్రోపిన్‌లు రక్తంలోకి విడుదలవుతాయి. అవి స్త్రీబీజకోశాలను, ముష్కాలను చేరి స్టిరాయిడ్ హార్మోన్ల ఉత్పత్తిని ప్రేరేపిస్తాయి. వాటి ప్రభావంతో గుడ్లు పరిపక్వమవుతాయి. మగచేపలో శుక్రద్రవం ఊరుతుంది. చేప మొదలు మానవుని వరకు స్థూలంగా ఈ క్రమమే కనిపిస్తుంది.

మన దేశ శాస్త్రజ్ఞులు మొదట ఈ క్రమంలోని నడిమి అంచెను అందుకున్నారు. 1957 జూలై 10న ఒడిశాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ కె.హెచ్. అలికున్హి ఇతర చేపల తలల నుండి తీసిన పీయూషగ్రంథుల రసాన్ని సూదితో ఎక్కించి, పెంపకపు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్యరైతు దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అయితే, గ్రంథులను ఒక్కొక్కటిగా సేకరించి ఆల్కహాల్‌లో నిలువచేయాలి. దాతచేప వయస్సును, ఋతువును బట్టి రసం బలం మారుతుంది. అందుచేత మోతాదు తప్పే ప్రమాదం ఉండేది.

1971లో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్‌ల బృందాలు వేర్వేరుగా పందుల, గొర్రెల మెదళ్ళపై పరిశోధించి ఆ పెప్టైడ్ నిర్మాణాన్ని వెల్లడించాయి. 1977లో వారిద్దరూ రోజలిన్ యాలోతో కలిసి నోబెల్ బహుమతి పొందారు. నిర్మాణం తెలియడంతో దానిని, దాని మార్పురూపాలను ప్రయోగశాలలోనే తయారుచేయడం సాధ్యమైంది. కాని, కార్ప్ జాతి చేపలలో పెప్టైడ్ ఒక్కటే చాలలేదు. వాటి మెదడులో పుట్టే డోపమైన్ పీయూషగ్రంథిని అదుపుచేస్తుంది. పగ్గం బిగబట్టి ఎద్దును అదిలించినంత మాత్రాన బండి కదలదు కదా! 1988లో కెనడాకు చెందిన రిచర్డ్ పీటర్, చైనాకు చెందిన లిన్ హావోరాన్ బృందం ప్రకటించిన లింపే పద్ధతిలో పెప్టైడ్‌తో పాటు డోపమైన్ నిరోధకాన్ని కూడా ఇస్తారు. ఒకటి అదిలిస్తుంది, మరొకటి పగ్గం వదులు చేస్తుంది. కొద్ది గంటలలో చేప గుడ్లు విడుస్తుంది.

నేడు కొల్లేరు పరిసరాలలో శీలావతి, బొచ్చె పెంచే రైతు పిల్లల కోసం నది వరదకు ఎదురుచూడవలసిన పనిలేదు. కోరిన జాతి పిల్లలు హేచరీలలో లభిస్తున్నాయి. అయినప్పటికీ ఈ సూదిమందు చేపకు లేని శక్తిని ప్రసాదించదు. గుడ్లు నిండని చేపకు ఎంత మందు ఎక్కించినా ఫలితం శూన్యం. తల్లిచేపలను నెలల తరబడి మేలైన మేతతో, శుభ్రమైన నీటితో పోషించినప్పుడే ఆ పది అమైనో ఆమ్లాల ఆజ్ఞ సఫలమవుతుంది.