బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్తున్నారా? ముందు ఇది వినండి

వైజాగ్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో మీ ముందుకొచ్చాను. టాపిక్ వినగానే కొంతమంది నవ్వుతారు, కొంతమంది ముఖం తిప్పుకుంటారు. కానీ మొలలు ఉన్నాయని ఇంట్లో కూడా చెప్పుకోలేక ఏళ్ళతరబడి బాధపడేవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. అందుకే సిగ్గు పక్కన పెట్టి మాట్లాడుకుందాం.

మొదట ఫోన్ సంగతి. 2025 సెప్టెంబర్‌లో ప్లాస్ వన్ అనే జర్నల్‌లో ఒక స్టడీ వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో కొలొనోస్కోపీకి వచ్చిన 125 మందిని అడిగితే, 66 శాతం మంది టాయిలెట్లో ఫోన్ చూస్తామన్నారు. వయసు, బరువు, తినే పీచు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా వాళ్ళలో మొలల రిస్క్ 46 శాతం ఎక్కువ కనిపించింది. ఈ ఒక్క స్టడీతో తప్పంతా ఫోన్‌దే అని తేల్చేయలేం. కానీ ఇంకో లెక్క చూడండి. ఐదు నిమిషాలకు మించి కూర్చునేవాళ్ళు ఫోన్ వాడేవాళ్ళలో 37 శాతం, వాడనివాళ్ళలో 7 శాతమే. కమోడ్ సీటు కుర్చీలాంటిది కాదు, మధ్యలో ఖాళీ. కింద ఆధారం లేకుండా చాలాసేపు కూర్చుంటే మలద్వారం దగ్గరి రక్తనాళాలు ఒత్తిడికి ఉబ్బుతాయి. కాబట్టి రీల్స్ హాల్లో చూసుకోండి.

రెండోది, కూర్చునే పద్ధతి. మన పేగు చివర ఒక కండరం ఉంటుంది. నీళ్ళ పైపుని మడిచి పట్టుకున్నట్టు అది దారిని వంచి ఉంచుతుంది. గొంతుక్కూర్చుంటే ఆ వంపు చాలావరకు సరి అవుతుంది. 2003లో ఇజ్రాయెల్‌లో 28 మందితో చేసిన స్టడీలో గొంతుక్కూర్చున్నప్పుడు సగటున 51 సెకన్లు పడితే, మామూలు ఎత్తు కమోడ్ మీద 130 సెకన్లు పట్టింది. అలాగని మధురవాడ ఫ్లాట్‌లో కమోడ్ పీకించక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలకి అదే సుఖం. కాళ్ళ కింద అర అడుగు ఎత్తు పీట వేసుకుని కొంచెం ముందుకు వంగితే చాలు. పీట జారకుండా చూసుకోండి. ముక్కకండి.

మూడోది, ఆపుకోవడం. ఏదైనా తిన్న కాసేపటికి పెద్దపేగు కదులుతుంది. అందుకే టిఫిన్ అయ్యాక చాలామందికి వెళ్ళాలనిపిస్తుంది. ఇది శరీరం పంపే నోటిఫికేషన్. మీరు స్నూజ్ నొక్కినా లోపల పని ఆగదు. పేగు నీళ్ళు పీల్చేస్తూనే ఉంటుంది, మలం గట్టిపడుతుంది, మరునాడు ముక్కాల్సి వస్తుంది. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు మారుతూ పనిచేసేవాళ్ళకి టైమింగ్ దెబ్బతినడం మామూలే. గడియారం పట్టుకుని కూర్చోకుండా, ఏ షిఫ్ట్ అయినా నిద్ర లేచి తిన్న తర్వాత పది నిమిషాలు మీకోసం ఉంచుకోండి.

మరి రోజంతా నిలబడి అమ్మకాలు చేసే అమ్మాయిల మాటేంటి? సరైన టాయిలెట్ లేనిచోట వాళ్ళు నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు. అసలే మన వైజాగ్ ఉక్కపోత, ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. ఇలాంటప్పుడు మలబద్ధకం రాక ఏమవుతుంది? జగదాంబలోనో ద్వారకానగర్‌లోనో షాపు నడిపేవాళ్ళు ఎవరైనా ఇది వింటుంటే ఒక్క మాట. శుభ్రమైన టాయిలెట్ పెట్టడం మీరు చేసే ఉపకారం కాదండీ, మీ బాధ్యత.

ఇక తిండి. మన ఉత్తరాంధ్ర చోడి అంబలి, తోటకూర, పెసలు, జామకాయ, వీటన్నిటిలో పీచు ఉంది. పీచు పెంచితే నీళ్ళు కూడా పెంచాలి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. రక్తం పడితే "మొలలేలే" అని మీకు మీరే సర్దిచెప్పుకోకండి. పెద్దపేగు క్యాన్సర్‌లో కూడా రక్తం పడుతుంది. నల్లగా తారులా మోషన్ అవ్వడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, వారాల తరబడి మోషన్ తీరు మారిపోవడం, ఇవేవైనా ఉంటే నాటు వైద్యం, యూట్యూబ్ వైద్యం రెండూ వద్దు. నా వీడియోతో సహా! డబ్బులు లేవని ఆగిపోకండి, కేజీహెచ్ ప్రభుత్వ ఆసుపత్రే, గ్యాస్ట్రో విభాగం కూడా ఉంది. డాక్టర్ ముందు సిగ్గు పడితే పోయేది మన ఆరోగ్యమే.

ఈ ఎపిసోడ్ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా వినిపించండి. వాళ్ళు అడగలేని ప్రశ్న ఇదే అయ్యుండొచ్చు. మళ్ళీ కలుద్దాం, ఉంటానండి.