వైమానికుని నడుము రివాల్వరు

విమానం నడిపేవారికి రివాల్వరు ఎందుకు? ఆకాశంలో దానితో పనిలేదు. విమానం కూలి, పారాచూట్‌తో శత్రుభూమిపై దిగినప్పుడే దాని అవసరం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాదులోని బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడిచింది. అక్కడ యువకులు టైగర్ మాత్ విమానాలపై తొలి పాఠాలు నేర్చుకునేవారు. ఆనాడు భారత వైమానిక దళం పోరాడిన రంగం బర్మా. కింద దట్టమైన అడవి, అందులో జపాను సేనలు.

అప్పటి బ్రిటిష్ సేనల ప్రామాణిక రివాల్వరు ఎన్‌ఫీల్డ్ నంబర్ 2. దానికి 1932లో ఆమోదం లభించింది. మన వైమానిక దళం పుట్టిందీ ఆ ఏడాదే. గొట్టాన్ని కిందికి వంచితే, ఖాళీ తూటాలు ఆరూ ఒక్కసారే బయటికి వస్తాయి. ఇవి చాలక వెబ్లీ, అమెరికా నుంచి తెచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లనూ వాడారు.

దీని శక్తి ఎంత? గతిజశక్తి సూత్రం గుర్తుందా? ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. తొలి రకం బుల్లెట్ బరువు 13 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 190 మీటర్లు. అంటే దాదాపు 235 జౌళ్ళు. లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు బుల్లెట్ సుమారు 11 గ్రాములే! కాని వేగం 740 మీటర్లు కావడంతో శక్తి 3,000 జౌళ్ళు దాటుతుంది.

మరి రైఫిలే ఇవ్వవచ్చు కదా అంటారేమో. మీటరుకు పైగా పొడవున్న దానిని ఇరుకైన కాక్‌పిట్‌లో ఎక్కడ పెట్టుకుంటాడు? రివాల్వరైతే నడుముకు కట్టుకున్న ఒరలో ఒదుగుతుంది. అయినా ఆరు తూటాలతో ఒక గస్తీ దళాన్ని ఎదిరించలేడు. అతనికి అంతకన్నా పనికివచ్చేవి పటం, దిక్సూచి, తాగేనీరు.