కళాశాల క్రిస్మస్‌లో అందరికీ చోటుందా?

డిసెంబరు మొదటి వారం దాటిందంటే ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల్లో సందడి మొదలవుతుంది. నోటీసు బోర్డు మీద 'సెమీ క్రిస్మస్' అన్న మాట కనబడుతుంది. సెలవులిస్తే హాస్టళ్లు ఖాళీ అయిపోతాయి కనుక, అందరూ ఉండగానే పండుగను ముందుగా జరుపుకొంటారు. ఒకవైపు సెమిస్టరు పరీక్షల భయం, మరొకవైపు పాటల సాధన! తెలుగు సాహిత్యం చదివే అమ్మాయి నాటికకు మాటలు రాస్తే, కామర్సు అబ్బాయి చందాల లెక్క చూస్తాడు. వెదురు బద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం తయారవుతుంది. గొర్రెల కాపరుల వేషాల్లో హిందూ, ముస్లిం స్నేహితులు కూడా ఉంటారు. వారింటి అరిసెలు, సేమ్యా మన పిల్లలు తింటారు గదా. మన కేకు వారు తింటారు.

ప్రియ పాఠకులారా, ఈ సంతోషం మన ప్రాంతానికి ఊరకే రాలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరిట ఏలూరులో 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలసింది. 1953లో జె.ఎం.జె. సిస్టర్లు అక్కడే సెయింట్ థెరిసా మహిళా కళాశాలను ప్రారంభించారు. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే తల్లిదండ్రులకు డిగ్రీ చదువు దగ్గరకు వచ్చింది. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడడంతో గోదావరి జిల్లాలకు సొంత విశ్వవిద్యాలయం కూడా దక్కింది.

ఆ తరగతి గదుల్లో కొల్లేటి లంకల పిల్లలూ కూర్చుంటారు. చలికాలం వస్తే ఆటపాకకు గూడబాతులు గుంపులుగా వచ్చి చేరతాయి. చూడడానికి వెళ్లేవారికి అది వేడుక. లంకల్లోని కుటుంబాలకు మాత్రం నీటితోనే బ్రతుకు, నీటితోనే బెంగ. 2006లో ప్రభుత్వం అభయారణ్యం హద్దుల్లోని చేపల చెరువుల గట్లను తెగగొట్టింది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరికి కొల్లేటికే చేరింది. అటువంటి ఇంటి నుండి వచ్చిన బిడ్డకు వంద రూపాయల చందా కూడా బరువే. పేర్లు చదివి చందా అడుగుతుంటే ఆ బిడ్డ తల దించుకొంటుంది. "తలనొప్పిగా ఉంది" అని చెప్పి పండుగ రోజున గదిలోనే ఉండిపోతుంది. కొత్త బట్టలు లేవని పాటల బృందంలో చేరని వారూ ఉంటారు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కింగ్స్ కళాశాల ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో, సైన్యంలో గురువుగా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్ వైట్ అక్కడ క్రిస్మస్ ముందు రోజున ఒక ఆరాధన ఏర్పాటు చేశారు. తొమ్మిది వాక్య పఠనాలు, వాటి నడుమ పాటలు. ఆ పద్ధతి 1880లో ట్రూరో పట్టణంలో మొదలైనదే. 1928లో అది మొదటిసారి రేడియోలో ప్రసారమైంది. అందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొదటి పఠనం పాటల బృందంలోని చిన్న పిల్లవాడిది. కళాశాల పెద్దది చివరి పఠనం.

మన దగ్గర ముఖ్య అతిథికి శాలువా, దండ, గంటసేపు ప్రసంగం! ఆ పూట వంట చేసిన అమ్మకు, గేటు దగ్గర నిలబడిన కాపలాదారుకు వేదిక మీద ఒక్క నిమిషమైనా ఇస్తున్నామా?

యౌవనస్థులారా, ఈ సంవత్సరం ఇలా చేసి చూడండి. చందాకు పేర్ల జాబితా వద్దు. మూసిన పెట్టె పెట్టండి, ఇవ్వగలిగినవారు ఇస్తారు. మొదటి వాక్యం హాస్టల్ ఆయా చేతనో, మొదటి సంవత్సరం విద్యార్థి చేతనో చదివించండి. లైటింగు ఖర్చు కొంత తగ్గించి, పరీక్ష ఫీజు కట్టలేని ఒకరికి గుట్టుగా సాయపడండి. ఇతర మతస్థులైన స్నేహితులను ప్రేమతో పిలవండి, బలవంతం చేయకండి. తల్లిదండ్రులారా, సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లలను మార్కులతో పాటు, "మీ హాస్టల్లో పండుగకు రానివారెవరు?" అని కూడా అడగండి.

సత్రంలో చోటు దొరకక పశువుల పాకలో పుట్టినవాని పండుగ ఇది. అందులో చోటు దొరకని విద్యార్థి ఒక్కరు కూడా ఉండరాదని మా మనవి. మీ ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.